మోరీలో పేరిన కొవ్వు

స్వరూప గిన్నెలు సగం తోమిందో లేదో నీళ్ళు కదలడం మానేశాయి. డాబా మీద, కుళాయి కింద సిమెంటు గట్టు కట్టిన చిన్న చోటు అది. రోజూ కడిగిన నీళ్ళు మూలనున్న మోరీ రంధ్రంలోంచి గుడగుడమంటూ కిందికి దిగిపోయేవి. ఇవాళ మాత్రం మెతుకుల్నీ సబ్బు నురగనీ తేల్చుకుంటూ ఆమె పాదాల మీదికి వచ్చాయి. పుష్యమాసపు పొద్దేమో, నీళ్ళు కాళ్ళను కొరుకుతున్నాయి. నీటి మీద పల్చటి తెల్లపొర ఒకటి తేలుతోంది. వేలితో తాకితే ఆ పొర వేలికి అంటుకుని వచ్చింది. చీపురుపుల్లతో రంధ్రంలో పొడిచింది. పుల్ల ఏదో మెత్తటిదాంట్లో దిగి, అక్కడే విరిగింది.

అంతలోనే కింది వాటాలోంచి అన్నపూర్ణగారు మోకాళ్ళు పట్టుకుంటూ పైకి వచ్చింది. ఇంటి యజమానురాలు. గుడివాడ వైపు నుంచి మామగారి కాలంలోనే చిక్కడపల్లికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. తన వంటింటి తొట్టిలోకి మురికినీళ్ళు ఎదురు తన్నుతున్నాయనీ, పొద్దున్నే పూజ చేసుకోవాల్సిన మనిషి ముక్కు మూసుకుని నిలబడాల్సి వచ్చిందనీ చెప్పింది. పైన అసలు ఏం పోస్తున్నారని అడిగింది.

"మేమేం పోస్తలేమాంటీ. మెతుకులు గూడ ఏరి పారేసినంకనే కడుగుత," అంది స్వరూప.

అన్నపూర్ణగారు కింది నుంచి పొడవాటి ఇనప తీగ తెచ్చిచ్చింది. స్వరూప దాని కొస వంచి రంధ్రంలోకి దింపి, తిప్పి తిప్పి లాగింది. మొదట నల్లటి జిగురు వచ్చింది. ఆ తర్వాత ఒక వెంట్రుకల ముద్ద. మూడోసారి బలం పెట్టి లాగితే, పైపు లావున, జానెడు పొడుగున, మైనపువత్తిలాంటిది ఒకటి జారుకుంటూ బయటికొచ్చి ఆమె అరచేతిలో పడింది. పైనంతా బూడిద రంగు. విరిగిన చోట పాలలా తెలుపు. మధ్యలో మిరపతొక్కలు, నలిగిన అన్నం మెతుకులు, ఒక ఈనెపుల్ల. వాసన మేకది.

స్వరూప దాన్ని ముఖానికి దూరంగా పట్టుకుంది. దాన్ని వెంటనే పారేయలేకపోయింది. అరచేతిలో వేడికి అది మెల్లగా మెత్తబడుతోంది.

అన్నపూర్ణగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తామూ ఆదివారం తినేవాళ్ళమేననీ, కానీ ఇంత కొవ్వు ఎవరైనా తింటారా అనీ అంది. ఆపైన, తన మాట తనకే గుచ్చుకున్నట్టు గొంతు తగ్గించింది. "మా ఆయన దక్షిణామూర్తిగారూ అంతేలేమ్మా. సిగరెట్లు మానేశాక నెయ్యి పట్టుకున్నారు. గుండెకి స్టెంటు వేసినా సరే, నేను స్నానానికి వెళ్తే చాలు, వేలు డబ్బాలో ఉంటుంది. ఒకటి వదిలిస్తే ఇంకోటి. మగాళ్ళ నాలుకలు కడిగి ఆరేయాలి."

ఆమె దిగిపోయాక స్వరూప వేణ్ణీళ్ళు కాచి మోరీలో పోసింది. పొగతో పాటు వాసన లేచింది. కరిగిన కొవ్వు, కాలిన ఉప్పుకారం. అది తన తల్లి పొయ్యి వాసన. స్వరూప నోట్లో నీళ్ళు ఊరాయి. అంత అసహ్యంలోనూ నోరు ఊరినందుకు తన మీద తనకే రోత పుట్టింది. పక్కకు తిరిగి ఉమ్మేసింది.

ఆ తర్వాత గానీ అసలు సంగతి తట్టలేదు. ఈ గదిలో వంట చేసేది తనే. కూరకు చెంచాడు నూనె తప్ప వాడదు. మాంసం వండి నెల దాటింది. మరి పైపునిండా పేరిన ఈ మేక కొవ్వు ఎవరి కంచంలోంచి దిగింది?

గదిలో ఉండేది ఇద్దరే. తనూ, అన్న వెంకటేశూ.

*

వాళ్ళది జనగామ అవతల చిన్న ఊరు. తండ్రి లక్ష్మయ్యకు ఒకేసారి ఇద్దరు పిల్లల్ని పట్నంలో పెట్టి చదివించే తాహతు లేదు. ముందు అన్న ఎస్సై ఉద్యోగంలో కుదురుకోవాలి, ఆ మీదట చెల్లె పట్నం వచ్చి టీచరు పరీక్షకు కోచింగులో చేరాలి అని ఇంట్లో అనుకున్నారు. వెంకటేశ్ అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చిన నాడు స్వరూప ఇంకా డిగ్రీలో ఉంది. ఆమె డిగ్రీ అయిపోయింది, ఊరి బడిలో వాలంటీరుగా పాఠాలు చెప్పడమూ అయిపోయింది, తోటి పిల్లలకు పెళ్ళిళ్ళూ అయిపోయాయి. ఆమె వంతు మాత్రం రాలేదు. ఈసారి వెంకటేశ్ రాతపరీక్ష మొదటి మెట్టు గట్టెక్కాడు. తర్వాతి మెట్టు పరుగు పరీక్ష. వయసు దాటిపోకముందు అతనికి దక్కిన మంచి అవకాశం ఇదే.

కానీ పరుగెత్తాల్సిన మనిషి పరుగెత్తే మనిషిలా లేడు. ఊళ్ళో కబడ్డీ ఆడే రోజుల్లో పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేవాడు. దసరాకు ఇంటికొచ్చినప్పుడు మెట్టెక్కి ఆయాసపడ్డాడు. నారాయణగూడలో పరీక్షలు చేయిస్తే కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. అన్నకు వండిపెట్టి ఒళ్ళు తగ్గించే పని స్వరూప నెత్తిన వేసుకుంది. హాస్టల్ ఖాళీ చేయించి, చిక్కడపల్లిలో ఈ డాబా గది కిరాయికి తీసుకున్నారు.

డాక్టరమ్మ దగ్గరికి ఆమే తీసుకెళ్ళింది. ఆవిడ అడిగినవాటిలో తిండి గురించినవి తక్కువ. ఎప్పుడు పడుకుంటావు, ఎవరితో కలిసి తింటావు, పొద్దున తింటావా ఎగ్గొడతావా, సిగరెట్టు ఉందా, మందు ఉందా, అన్నంలో ఉప్పు పైన చల్లుకుంటావా అని అడిగింది. వెంకటేశ్ ఒక్కటొక్కటిగా అబద్ధం చెప్పాడు. స్వరూప పక్కనే కూర్చుని అతని వేళ్ళ కొసలకు పట్టిన పసుపుపచ్చ సిగరెట్టు మరక చూస్తూ ఉంది. డాక్టరమ్మ కూడా చూసింది కాబోలు, అతన్ని వదిలేసి స్వరూపతో మాట్లాడింది.

"నాలుకనొక్కదాన్నే తిట్టకమ్మా. మనిషి రోజు ఎట్ల గడుస్తదో, నాలుకకు ఇష్టాలు గట్లనే అయితయి. రోజు మారిస్తే నాలుక గూడ మారుతది. జర టైం పడ్తది."

ఆ మాట స్వరూప మనసుకు బాగా పట్టింది. అన్న రోజు ఎలా గడిచిందో ఆమె నెమ్మదిగా కూడదీసుకుంది. జతగా వచ్చిన స్నేహితులు ఒక్కొక్కరే ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోయారు. మిగిలినవాడు ఇతనొక్కడు. తెల్లారేదాకా పుస్తకం, పొద్దెక్కేదాకా నిద్ర. మధ్యాహ్నం టీతో సిగరెట్టు, సాయంత్రం ఆకలికి ఆగలేక బండి దగ్గర వెన్న కారే బన్ను. ఆ పైన బిర్యానీ, అదీ ఫోను చూస్తూ ఒంటరిగా. ఫలితాలొచ్చిన రోజున నూనెలో వేగింది ఏది కనబడితే అది. అశోక్‌నగర్ సందుల్లో సాయంత్రాలు నడుస్తూ ఇలాంటి కుర్రాళ్ళను ఆమె ఎంతమందినో చూసింది. మూతి జిడ్డుగా, కళ్ళు ఎక్కడో పెట్టుకుని, ఏం తింటున్నారో వాళ్ళకే తెలియకుండా నమిలేవాళ్ళు. చూస్తే జాలి కలగాలి. ఆమెకు రోత కలిగేది. ఆ బండి పెనం మీద ఎప్పటిదో నల్లటి నూనె, దాని చుట్టూ ఈగల్లా మూగిన మంచి చదువులు.

అందుకే అన్న రోజునే మార్చాలనుకుంది. చీకటితోనే లేపి అడిక్‌మెట్ మీదుగా యూనివర్సిటీ గ్రౌండుకు పంపేది. రెండు పూటలా ఎదురుగా కూర్చుని తనూ అదే తినేది. ఫోను దిండు కింద పెట్టించేది. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు. మొదట్లో గునిశాడు గానీ, పోనుపోను కంచం ఖాళీ చేస్తున్నాడు. బరువు దిగకపోతే, ఒంట్లో నీరు అన్నాడు. ఆమె నమ్మింది. మోరీ నమ్మలేదు.

*

స్వరూప అన్నను వెంటనే ఏమీ అడగలేదు. చూడడం ఆమెకు అలవాటు. బడిలోనూ అంతే, పిల్లల మీద చేయెత్తకుండానే అంతా కనిపెట్టేది.

మధ్యాహ్నం రోజూ బాగ్‌లింగంపల్లి రీడింగ్ హాలుకు వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. ఆ రోజు సందు చివరి దాకా వెళ్ళి, కాసేపు మార్కెట్లో తిరిగి, వెనక్కి వచ్చింది. మెట్ల మీదే వాసన ఎదురైంది. చెప్పులు చేత్తో పట్టుకుని డాబా ఎక్కి కిటికీ పక్కన నిలబడింది.

వెంకటేశ్ నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. కంచంలో పొగలు కక్కే అన్నం. పక్కన ఒక స్టీలు డబ్బా. డబ్బా నిండా తెల్లగా, గట్టిగా, వెన్నలాంటిది. చెంచాతో గోకి పెద్ద బెడ్డ తీసి అన్నం నడిమధ్య పెట్టాడు. అది అంచుల నుంచి కరుగుతూ, పారదర్శకమై, మెతుకుల్లోకి దిగిపోతుంటే అతను కళ్ళార్పకుండా చూశాడు. ఇంకో బెడ్డ. ఇంకొకటి. పైన కారప్పొడి, రెండు చిటికెల ఉప్పు. కలిపాడు. వేళ్ళ సందుల్లోంచి నూనె మోచేతి దాకా కారింది. కారిన దాన్ని మోచేతి దగ్గర నుంచి పైకి నాలుకతో నాకాడు. ముద్ద ముద్దకీ గొంతులోంచి సన్నటి మూలుగు వస్తోంది, నిద్రలో ఉన్న పసివాడు పాలు తాగేటప్పుడు వచ్చే మూలుగు లాంటిది. పెదాలు, గడ్డం, ముక్కు కొస అన్నీ మెరుస్తున్నాయి.

అతను ముద్దలు ముగించే లోపు స్వరూప గోడ చాటుకు జరిగింది.

తినడం అయ్యాక అతను లేచి, హీటరుతో కాచుకున్న వేణ్ణీళ్ళు మోరీ దగ్గరికి తెచ్చి, కంచం తానే కడిగాడు. సబ్బు పెట్టి కడిగాడు, గుడ్డతో తుడిచి, ఉన్న చోటే పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక తిన్న కంచం ఎత్తని మనిషి. ఆ శుభ్రం చూస్తే ఆమెకు తిండి కంటే ఎక్కువ వెగటేసింది. ఇక డబ్బాకు మూత పెట్టి గుడ్డలో ముడి వేస్తున్నాడు. ఆకుపచ్చ మీద పసుపు పూలు. అది తమ తల్లి సమ్మక్క పాత చీర ముక్క.

ఆమె లోపలికి వెళ్ళింది. వెంకటేశ్ ముడి వదలకుండానే చూశాడు.

"ఎన్ని దినాల నుంచి నడుస్తున్నది ఇది?"

"నువ్వొచ్చిన కాడ్నించి," అన్నాడు. దాచలేదు. కూరగాయల వ్యాను నడిపే ఊరి పీరయ్య వారం వారం తెచ్చి నారాయణగూడ చౌరస్తాలో ఇచ్చిపోతున్నాడట. మేక కొవ్వు కరగబెట్టి, ఉప్పూ పసుపూ వేసి పేరబెట్టి, అమ్మ పంపుతోందట. అడిగితేనే పంపిందా అంటే, అడగకముందే పంపింది, తిన్నాక అడిగాను అన్నాడు.

"నీకు తెల్వది చెల్లె. దినమంత గా నాలుగు గోడల నడుమ కూసుంటె తల మొద్దుబారుతది. సిగరెట్ గుంజుకున్నవ్. ఫోన్ గుంజుకున్నవ్. ఇది తిన్నప్పుడే జర మనిషినైనట్టుంటది."

"ఉరుకుడెట్ల మరి?"

"ఉరికేటోనికే బలం కావాలె," అన్నాడు. అని, తేన్చాడు. ఆ తేన్పు ఆమె ముఖం మీదికి వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె తల్లికి ఫోను చేసింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పింది, కాలేయం సంగతి మళ్ళీ చెప్పింది, పైపులోంచి తను లాగినదేంటో చెప్పింది. సమ్మక్క అంతా విని, కొవ్వు కడుపులో ఉంటే బలం, పైపులో ఉంటే కడగడం రానివాళ్ళ తప్పు అంది. ఊళ్ళో మాంసం పోగులు పంచుకున్న ప్రతిసారీ కొవ్వు ముక్క కొడుకు కంచంలోనే వేశాననీ, వాడు అందుకే కబడ్డీలో ఎదురులేకుండా ఉండేవాడనీ గుర్తు చేసింది. పిల్ల కంచంలో పులుసు పడేదన్న సంగతి ఆమెకు గుర్తు లేదు, లేదా అది గుర్తుంచుకోవాల్సిన సంగతి కాదు. చివరికి మాత్రం గొంతు మార్చింది.

"వాడు ఓడిపోయి ఇంటికొస్తే నీ వంతొస్తదని చూస్తున్నవా? గడ్డి పెట్టి ఎండపెడుతున్నవ్ నా కొడుకును. నాకు తెల్వదనుకోకు."

స్వరూప ఫోను పెట్టేసింది. అన్న గెలిస్తేనే తనకు దారి. ఆ దారి కోసమే తెల్లవారుజాము నిద్ర చంపుకుని అతన్ని లేపింది. ఆ దారినే వీళ్ళిద్దరూ కలిసి, చెంచాలతో గోకి, వేడి అన్నంలో కరిగించుకుంటున్నారు.

*

పరుగు పరీక్షకు ముందురోజు సమ్మక్క స్వయంగా దిగింది. కొడుకు బుగ్గలు రెండు చేతులతో నొక్కి చూసి, చిక్కిపోయాడంది. మర్నాడు చీకటితోనే లేచి పొయ్యి దగ్గర కూర్చుంది. నల్లిబొక్కల కూర, పైన వేలి మందాన ఎర్రటి నూనె, అందులో ఊగుతున్న కొవ్వు ముక్కలు. పరుగుకు ముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు చాలని స్వరూప చెప్పింది. ఎవరో ఉత్త కడుపుతో ఉరికి పడిపోయారని తల్లి కథ చెప్పింది. ఇద్దరి మధ్యా కంచం ముందు కూర్చున్న వెంకటేశ్ చెల్లెలి వైపు ఒక్కసారి చూశాడు. వద్దు అనడానికి అతనికి నోరుంది. ఆ నోటితో బొక్క అందుకుని, మూలుగను జుర్రున పీల్చాడు. తల్లి గడ్డం కింద చేయి పెట్టుకుని, తృప్తిగా, ఆ చప్పుడు వింటూ కూర్చుంది.

అంబర్‌పేట్ మైదానం గేటు బయట తల్లీకూతుళ్ళిద్దరూ ఎండలో నిలబడ్డారు. లోపలికి వెళ్ళిన కుర్రాళ్ళు గుంపులుగా బయటికి వస్తున్నారు, కొందరు ఎగురుతూ, కొందరు తలలు వంచుకుని. వెంకటేశ్ ఒంటరిగా వచ్చాడు. బనీను ముందంతా తడిసి, ఆరుతున్న చోట పసుపుగా అట్టకట్టింది. గడ్డం కింద ఎర్రటి నూనె చార. పది అడుగుల దూరం నుంచే వాసన తెలిసింది.

"సగం ఉరికినంక కక్కిన. పక్కోని మీద గూడ పడ్డది," అన్నాడు.

సమ్మక్క కొంగు తీసి కొడుకు మూతి తుడిచింది. తుడిచిన కొంగుతోనే తన కళ్ళు తుడుచుకుంది. ఎవరి కన్ను పడిందోనంటూ ఆటోలో దారి పొడుగునా తిట్టింది. స్వరూప ఆటో అంచున కూర్చుని ముఖం బయటికి పెట్టుకుంది. గాలి తగిలినంత సేపు ఊపిరి పీల్చడం, ఆటో ఆగినప్పుడల్లా బిగబట్టడం.

ఇంటికొచ్చాక వెంకటేశ్ స్నానం చేసి చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. సమ్మక్క మార్కెట్‌కు వెళ్ళి బరువైన నల్ల కవరుతో తిరిగొచ్చింది. కొడుకు పక్కన కూర్చుని, అంతా అనుకుని వచ్చిన మనిషిలా, తొణక్కుండా చెప్పింది. ఇంకో నోటిఫికేషను పడుతుంది. వయసు సడలింపు ఇస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. గది వదలొద్దు. స్వరూప ఇక్కడే ఉంటుంది, వండిపెడుతుంది. దాని పరీక్షలెక్కడికీ పోవు.

వెంకటేశ్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. కాదనలేదు.

సమ్మక్క డాబా మీద కత్తిపీట వాల్చుకుని కవరు బోర్లించింది. తెల్లటి, గులాబీ చారలున్న కొవ్వు ముద్దలు పళ్ళెంలో జారి ఒకదాని మీద ఒకటి వణికాయి.

"ఇటు రా బిడ్డా, నేర్పుత. నేను రేపు పోత. ఇగ నువ్వే చేసిపెట్టాలె వానికి. సన్నగ తరుగు, పెద్దగైతె కరగది."

ఇప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. ప్రేమగానే పిలిచింది. స్వరూప వెళ్ళి కూర్చుంది. తల్లి చెప్పినట్టే తరిగింది. ముక్క పట్టు చిక్కకుండా జారుతోంది, మెత్తగా, చల్లగా, చచ్చినదాని లోపలి భాగం. మూకుడు వేడెక్కింది. మొదటి ముక్కలు అంచులు ముడుచుకుని చిటపటలాడాయి. పొగ లేచి జుట్టులోకి, రవికెలోకి, నాలుక మీదికి చేరింది. లోపల చాప మీద వెంకటేశ్ ఒత్తిగిలి, తల కొద్దిగా ఎత్తి వాసన పీల్చాడు.

"అయిందా అమ్మా?" అన్నాడు.

కక్కి ఇంకా పూట గడవలేదు.

స్వరూప కత్తిపీట వాల్చి పెట్టి లేచింది. కుళాయి కింద చేతులు కడుక్కుంది. చన్నీళ్ళకు జిడ్డు తెల్లగా బిగుసుకుంది. సబ్బు రుద్ది మళ్ళీ కడుక్కుంది, గోళ్ళ సందులు కూడా. గదిలోకి వెళ్ళి తన పుస్తకాలు, సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. వెంకటేశ్ చూశాడు. సంచీనీ చూశాడు. మూకుడు వైపు తల తిప్పుకున్నాడు.

సమ్మక్క గరిటెతో కలుపుతూ, పొగకు కళ్ళు చికిలించి, కూతురు మెట్ల వైపు నడవడం గమనించింది.

"దుకాణానికేనా? వచ్చేటప్పుడు కొత్తిమీర తే," అంది.

స్వరూప చెప్పులేసుకుని మెట్లు దిగింది.